అత్తమ్మ మళ్ళీ విప్పిన ఇంజను

నా చిన్నప్పుడు మేము నాంపల్లి స్టేషనుకు కొంచెం ఇవతల, పెద్ద రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉండేవాళ్ళం. రాష్ట్రం ఒకటైనప్పుడు కర్నూలు నుంచి ఆఫీసు బీరువాలతో పాటు హైదరాబాదు చేరిన గుమాస్తాల్లో మా నాన్న ఒకరు. మేమున్నది పాతకాలపు ఇల్లు. మధ్యలో షాబాదు బండలు పరిచిన పెద్ద వాకిలి, వీధి వైపు బండి పట్టేంత దర్వాజా ఉండేవి. కింద ఒక పక్క మేము అద్దెకుండేవాళ్ళం. ఎదురు వాటాలో అత్తమ్మ ఉండేది. మేడ మొత్తం ఇంటివారిది. వాళ్ళది తరతరాలుగా హైదరాబాదే, అబిడ్స్‌లో బట్టల దుకాణం. ఇంటి పెద్దాయనను మేమందరం తాతయ్య అనేవాళ్ళం. ఆయన మనవరాలు నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. ఆమె నాకు మేడ మీది అక్క.

అత్తమ్మ మాకు చుట్టం కాదు. సందులో పిల్లలంతా అలాగే పిలిచేవాళ్ళు కనుక నేనూ పిలిచేదాన్ని. ఆమె భర్త రైల్వేలో గూడ్సు గార్డు. నెలలో ఎక్కువ రోజులు ఆయన రైలు వెంట ఎక్కడో ఉండేవాడు, ఇంట్లో ఉన్న రోజుల్లో ఎక్కువగా నిద్రపోయేవాడు. అత్తమ్మ వ్యాను నడిపేది. ఇప్పుడు వింటే ఇదేమంత విశేషం అనిపించవచ్చు. ఆ రోజుల్లో కొంగు నడుముకు దోపుకుని స్టీరింగు ముందు కూర్చున్న ఆడమనిషిని చూడటానికి అబిడ్స్ చౌరస్తాలో సైకిళ్ళు ఆగిపోయేవి. ఆమె అటూ ఇటూ చూసేది కాదు. చూసే వాళ్ళను చూసే తీరిక తనకు లేదన్నట్టు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయేది.

ఆమె పుట్టిల్లు గౌలిగూడ. వాళ్ళ నాన్నకు అక్కడ మోటార్లు బాగుచేసే షెడ్డు ఉండేదట. మగపిల్లలు లేని ఆ మనిషి, కూతురు బడి నుంచి రాగానే షెడ్డులో పక్కన కూర్చోబెట్టుకుని, చేస్తున్న పని చెబుతూ చేసేవాడట. పెళ్ళయి నాంపల్లి వచ్చిన కొన్నేళ్ళకు ఆయన పోయాడు. షెడ్డు మూతపడింది. ఆయన సొంతానికి వాడుకున్న పాత వ్యాను ఈమెకు మిగిలింది. ఊరికే నిలబెడితే తుప్పు పడుతుందని, సందులోని ఆడపిల్లలను బడికి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది.

మా బడి బషీర్‌బాగ్ దాటాక ఉండేది. వ్యానులో రెండు వైపులా చెక్క బల్లలు, వాటి మీద ఒకరి మోకాళ్ళు ఒకరికి తగిలేలా మేము కూర్చునేవాళ్ళం. చిన్నపిల్లల దగ్గర నుంచి పెద్ద పరీక్ష రాసే అమ్మాయిల దాకా అందరం ఆ బల్లల మీదే. అత్తమ్మ వ్యాను లేకపోతే మాలో సగం మంది చదువు అయిదో తరగతితో ఆగిపోయేదని మా అమ్మ తరచూ అనేది. అందులో అబద్ధం లేదు. చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు బడిని నమ్మి పంపలేదు, అత్తమ్మను నమ్మి పంపారు.

అలా పంపినవాళ్ళలో మొదటివాడు మేడ మీది తాతయ్య. ఆయన చెడ్డవాడు కాదు. నీలిమందు పెట్టి ఉతికిన తెల్లటి పంచె, మడత చెడని లాల్చీ, తక్కువ మాటలు. మనవరాలు చదువుతానంటే వద్దనలేదు. ఆ ఇంట్లో పబ్లిక్ పరీక్ష దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల అక్క. కానీ అప్పటికే పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. మగపెళ్ళివారు పరీక్ష దాకా ఆగుతామన్నారు. దానికి తోడు ఆ ఏడు పరీక్ష మా బడిలో కాకుండా టాంక్‌బండ్ అవతల సికింద్రాబాదులో పడింది. తాతయ్య ఒకే మాట చెప్పాడు. అత్తమ్మ వ్యానులో పోయి వ్యానులో రావాలి, బస్సులో తోపులాట కుదరదు, వ్యాను పోని రోజున పరీక్ష కూడా లేదు. సందులో అదే పరీక్ష రాసే అమ్మాయిలు ఇంకా కొందరున్నారు. వాళ్ళ ఇళ్ళలో కూడా తాతయ్య ఏం చేస్తే అదే చేద్దామని చూస్తున్నారు.

సోమవారం మొదటి పరీక్ష అనగా శనివారం మధ్యాహ్నం, బడి నుంచి తిరిగి వస్తుండగా, అబిడ్స్‌లో జనం మధ్య మా వ్యాను ముక్కులోంచి తెల్లగా ఆవిరి లేచింది. ఎండలు ముదిరిన రోజులు. చిన్నపిల్లలు ఏడుపు అందుకున్నారు. అత్తమ్మ వ్యానును పక్కకు తీసి ఆపి, మమ్మల్నందరినీ దింపి ఒక దుకాణం నీడలో వరసగా నిలబెట్టింది. ఎవరో కుర్రాడు సాయం చేద్దామని రేడియేటరు మూత తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. మరిగే నీళ్ళు ముఖం మీదికి కొడతాయని చెప్పి, అతన్ని కూడా మా పక్కనే నిలబెట్టింది. తర్వాత చాలాసేపు ఏమీ చేయలేదు. చేతులు కట్టుకుని నిలబడి ఇంజను చల్లబడే దాకా చూసింది. అప్పుడు తడిగుడ్డ వేసి మూత తిప్పి, హోటలు వాళ్ళిచ్చిన బకెట్టు నీళ్ళు పోసింది. మధ్యమధ్య ఆగుతూ, నడక కంటే కొంచెం వేగంగా, మమ్మల్ని ఇల్లు చేర్చింది.

వాకిట్లో ఆపి ముందు మూత ఎత్తి చూసేసరికి జబ్బు తెలిసిపోయింది. ఇంజను ముందు భాగంలో ఫ్యాను వెనక ఒక పంపు ఉంటుంది. ఇంజను చుట్టూ నీళ్ళు తిప్పి చల్లబరిచేది అదే. అత్తమ్మ ఫ్యాను రెక్క పట్టుకుని పైకీ కిందికీ ఊపింది. టక టక మంది. పంపు లోపలి ఇరుసు అరిగిపోయి వదులైంది, దాని పక్క నుంచి నీళ్ళు కారుతున్నాయి. అంతటితో అయిపోలేదు. ఇంకా కిందికి వంగి చూస్తే ఇంజను ముందరి రేకు మూత అంచు వెంట నల్లగా నూనె తడి కనిపించింది. ఆ మూత వెనక ఇంజను సమయం చూసుకునే పళ్ళచక్రాలు ఉంటాయి. దాన్ని టైమింగ్ కవర్ అంటారని ఆ రోజే తెలిసింది నాకు.

అబిడ్స్‌లో ఆమెకు తెలిసిన వర్క్‌షాపు మేస్త్రీ ఊరికి పోయాడు, బుధవారం దాకా రాడు. ఆ కబురు తెలిసేసరికి తాతయ్య దుకాణం నుంచి వచ్చి మెట్లెక్కబోతూ ఆగాడు. వ్యాను చూశాడు, అత్తమ్మను చూశాడు. ఏమయిందని అడిగితే ఆమె దాచకుండా చెప్పింది.

“మల్ల సోమవారం ఎట్లమ్మా?” అన్నాడు ఆయన.

“ఇయ్యాల ఇప్పుత, రేపు బిగిస్త. సోమవారం పొద్దుగాల మీ దర్వాజ ముందల ఉంటది” అంది అత్తమ్మ.

తాతయ్య తల ఊపి పైకి వెళ్ళిపోయాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. మెట్ల మీద నిలబడి ఇదంతా విన్న అక్క ముఖం తెల్లబోయింది.

ఆ సాయంత్రం నుంచి మా వాకిలి గౌలిగూడ షెడ్డులా మారింది. సందులోని వాళ్ళంతా ఏదో ఒక మిషతో వచ్చి చూసి వెళ్ళారు. నేను మా గడప మీద కూర్చుని కదలలేదు. అమ్మ రెండుసార్లు పిలిచి ఊరుకుంది. అత్తమ్మ తన భర్త పాత ఖాకీ చొక్కా ఒకటి రవిక మీద తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుంది. ముందు నీళ్ళన్నీ కిందికి వదిలేసింది. రేడియేటరు విప్పి గోడకు ఆనించింది. బెల్టు తీసింది, ఫ్యాను తీసింది, తర్వాత పంపు. కింద, ఇంజను స్టార్టు చేయడానికి హ్యాండిలు పెట్టి తిప్పే చోట, పెద్ద నట్టు ఒకటి ఎంతకూ కదల్లేదు. దాని మీద కిరసనాయిలు పోసి, మా అమ్మ ఇచ్చిన టీ తాగి, మళ్ళీ పాన తగిలించి సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. వదిలింది. నా ఒంట్లోంచి కూడా ఏదో వదిలినట్టయింది.

విప్పిన బోల్టులు కలిసిపోకుండా ఆమె చేసిన పని నాకిప్పటికీ కళ్ళముందుంది. చెప్పుల డబ్బా అట్ట మీద బొగ్గుతో కవరు బొమ్మ గీసింది. ఏ బోల్టు ఎక్కడి నుంచి వచ్చిందో బొమ్మలో అక్కడే గుచ్చింది. అవి చూడటానికి ఒక్కలాగే ఉన్నా పొడవులు వేరట. పొడవుది పొట్టిదాని చోట పెడితే లోపల ఏదో ఒకటి పగులుతుందట.

కవరు ఊడదీశాక లోపల రెండు చక్రాలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, నూనెలో మెరుస్తూ కనిపించాయి. అత్తమ్మ నన్ను దగ్గరికి పిలిచి చూపించింది. రెండు చక్రాల మీదా ఒక్కొక్క చుక్క ఉంది. ఆ రెండు చుక్కలూ ఒకదానికొకటి ఎదురుగా వస్తేనే ఇంజను సరిగా ఊపిరి తీస్తుందని, వాటిని ఇప్పుడు ముట్టుకునే పని లేదని, కానీ మూత తీసిన వాళ్ళు ఒకసారి చూడకుండా మళ్ళీ మూయకూడదని వాళ్ళ నాన్న చెప్పేవాడని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు మెత్తబడింది. తర్వాత పాత పంపును పేపర్లో చుట్టుకుని, రిక్షా ఎక్కి గౌలిగూడ వెళ్ళింది. దీపాలు పెట్టే వేళకు అదే సైజు కొత్త పంపుతోనూ, దళసరి గ్యాస్కెట్ కాగితంతోనూ తిరిగి వచ్చింది.

ఆదివారం పొద్దున్నే టిక్కు టిక్కుమనే చప్పుడుకు లేచాను. అత్తమ్మ ఆ కాగితాన్ని కవరు మీద పరిచి, సుత్తి గుండ్రటి వైపుతో అంచు వెంట చిన్నగా కొడుతోంది. కత్తెర లేకుండానే కాగితం అంచు ప్రకారం తెగుతోంది. బోల్టుల రంధ్రాలు కూడా అలాగే పడ్డాయి. రేకుకీ ఇంజనుకీ మధ్య ఆ కాగితం ఉంటేనే నూనె బయటికి రాదు. దానికి రెండు వైపులా లక్కలాంటి ఎర్రటి జిగురు పూసి, కవరు బిగించి, కొత్త పంపు కూర్చోబెట్టి, బెల్టు ఎక్కించి, రేడియేటరు పెట్టి, నీళ్ళు పోసేసరికి భోజనాల వేళ అయింది. అప్పటికి వాకిట్లో చాలామంది చేరారు. మా నాన్న, పక్క సందు మేష్టారు, పరీక్ష రాసే అమ్మాయిల తండ్రులు ఉన్నారు. మేడ మీద పిట్టగోడ పట్టుకుని అక్క నిలబడింది. చేతిలో పుస్తకం ఉంది కానీ చూపు దాని మీద లేదు.

అత్తమ్మ హ్యాండిలు తిప్పింది. రెండోసారికి ఇంజను అందుకుంది. చల్లగా, నిలకడగా తిరిగింది. నీటి చుక్క లేదు. అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. అక్క పైనుంచి చప్పట్లు కొట్టి, తాతయ్య ఇంట్లోనే ఉన్నాడని గుర్తొచ్చి ఆపేసింది.

అత్తమ్మ మాత్రం ఇంజను తిరుగుతూనే ఉండనిచ్చి, ఒక పాత పేపరు కింద పరిచి, గొంతుక్కూర్చుని చూస్తోంది. కొంతసేపటికి పేపరు మీద నల్లటి చుక్క పడింది. ఇంకాసేపటికి దాని పక్కనే ఇంకొకటి. కవరు అడుగు మూల నుంచి నూనె వస్తోంది.

ఇంజను ఆపేసింది. అక్కడున్న మగవాళ్ళంతా తలా ఒక మాట అన్నారు. అన్నీ మంచికి అన్న మాటలే. మా నాన్న కూడా ఎంతో గౌరవంగా, “అక్కయ్యగారూ, చుక్కే కదండీ. ఓ డబ్బాలో ఆయిలు పెట్టుకుని వెళ్ళి, దారిలో చూసుకుంటూ పోసుకుంటే సరిపోదుటండీ? పరీక్షలయ్యాక తీరిగ్గా చేసుకోవచ్చు” అన్నారు. అది తెలివితక్కువ సలహా కాదు. అందరూ అవునన్నారు.

అత్తమ్మ లేచి తన గడప మీద కూర్చుంది. కోపం లేదు, ఏడుపు లేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తను పొద్దుటి నుంచి కట్టిన ఇంజను వైపు చూస్తూ కూర్చుంది. ముందురోజు సాయంత్రం నుంచి చేసిన పని అది. నడుము పట్టుకుపోయి ఉంటుంది, తిండి తిని ఉండదు. ఆమె ఏం చేస్తుందా అని నేను చూస్తున్నాను. నేనయితే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. పుస్తకంలో లెక్క చివరిదాకా చేసి తప్పు వస్తే నేను పలక విసిరేసేదాన్ని.

ఆమె మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగింది. లేచి మళ్ళీ తలగుడ్డ చుట్టుకుంది.

“మల్ల ఇప్పుతున్న” అంది, నాన్నతో. “చుక్క పడేది బెల్టు పక్కనే అన్నా. బెల్టుకు నూనె తాకితే జారుతది. జారితే కొత్త పంపు కూడ తిరగదు. టాంక్‌బండ్ మీద ఎండల పిల్లలను దించుకొని నిలబడాలె. పరీక్ష వాళ్ళ కోసం ఆగదు గదా.”

ఆ మాటలు మామూలు గొంతుతోనే అంది. తప్పు చేశానని నొచ్చుకున్నట్టుగానీ, మీకేం తెలుసని తీసిపారేసినట్టుగానీ లేదు. ఇంట్లో పాలు విరిగాయి, మళ్ళీ తెచ్చుకోవాలి అన్నంత తేలిగ్గా అంది. పాన తీసుకుని రేడియేటరు బోల్టు దగ్గర మొదటి నుంచి మొదలుపెట్టింది.

విప్పుతున్న చప్పుడు వినగానే అక్క ఏడుస్తూ కిందికి దిగి వచ్చింది. పని చెడిపోయిందని, ఇంక తన పరీక్ష అయిపోయినట్టేనని అనుకుంది. అత్తమ్మ ఆమెను ఓదార్చలేదు. పైకి వెళ్ళి ఇంట్లో బట్టలకు పెట్టే నీలిమందు డబ్బా తెమ్మంది. అక్కకు అర్థం కాలేదు గానీ వెళ్ళి తెచ్చింది. నీలిమందు కిందికి ఎందుకు పోతున్నదో చూద్దామని ఆమె వెనకే తాతయ్య కూడా దిగి వచ్చాడు. ఆయన పని జరిగేచోటికి రావడం అదే మొదలు.

అత్తమ్మ వాకిట్లో బాగా నున్నగా ఉన్న షాబాదు బండ ఒకటి ఎంచి, కడిగి, ఆరబెట్టింది. నీలిమందులో కొంచెం నూనె కలిపి, ఆ బండ మీద పలచగా పులిమింది. కవరు అంచుకు పాత కాగితం, జిగురు ముక్క లేకుండా గీకి తుడిచి, దాన్ని బోర్లించి ఆ బండ మీద మెల్లగా నొక్కి ఎత్తింది. తిప్పి చూపించింది. అంచు చుట్టూ నీలం అంటుకుంది. అడుగు మూలన, ఒక బోల్టు రంధ్రం చుట్టూ మాత్రం రేకు తెల్లగా అలాగే ఉంది.

“గీడ చూడు బిడ్డా, నీలం అంటలేదు. ఎన్నడో ఎవరో గట్టిగ బిగిస్తే రేకు వంగింది. నిన్న నాకు కండ్లకు ఆనలే. ఇగ దొరికింది” అంది అక్కతో.

తాతయ్య వంగి, కళ్ళజోడు సవరించుకుని, ఆ తెల్లటి మచ్చను చాలాసేపు చూశాడు. చూపుడువేలితో తాకాడు. అంత దగ్గరగా చూస్తే తప్ప ఆ వంపు తెలియదు. మన గోరు మందం కూడా లేదు.

తర్వాత చేసినదంతా ఓపిక పని. వంగినచోట చెక్కముక్క ఆనించి చిన్న సుత్తితో మెల్లగా కొట్టడం, మళ్ళీ బండ మీద నీలంలో నొక్కడం, తిప్పి చూడటం, మళ్ళీ కొట్టడం. ఒకసారి ఎక్కువ కొడితే పక్కన లేచింది, దాన్ని మళ్ళీ దించింది. తెల్లటి మచ్చ కొంచెం కొంచెంగా చిన్నదవుతూ వచ్చింది. అక్క ఏడుపు ఎప్పుడు ఆపిందో నేను గమనించలేదు. ప్రతిసారీ కవరు ఎత్తగానే తనే ముందు వంగి చూస్తోంది. కాసేపటికి అత్తమ్మ ఆమె వైపు తిరిగి, నాది నేను చేస్తున్న, నీది నువ్వు చేసుకోపో, సోమవారం నా సుత్తి నీకు పనికిరాదు అంది. అక్క నవ్వింది. మేడెక్కి, పిట్టగోడ దగ్గర కాకుండా లోపలికి వెళ్ళి కూర్చుంది. ఆ సాయంత్రం ఆమె పైకి చదువుతున్న గొంతు కింద దాకా వినిపించింది.

తాతయ్య మాత్రం వెళ్ళలేదు. మా నాన్న కుర్చీ తెచ్చి వేస్తే కూర్చున్నాడు. చివరికి అంచు చుట్టూ తేడా లేకుండా నీలం అంటుకున్నప్పుడు అత్తమ్మ కవరును ఆయన ముందు పెట్టింది. ఆయన తల ఊపాడు. కొత్త కాగితం మళ్ళీ కొట్టి కోసింది. ఈసారి బోల్టులన్నీ ముందు వేళ్ళతోనే వదులుగా తిప్పి, బెల్టు తిరిగే కింది కప్పీ చక్రాన్ని కవరు నడిమి రంధ్రంలోంచి దూర్చి, కవరు తన చోటు తను చూసుకుని కుదిరాకే, ఎదురెదురుగా ఉన్న బోల్టులను కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చింది. ఏ ఒక్క దాన్నీ ఒకేసారి బిగించలేదు. తొందర వేరెవరికైనా ఉందేమోగానీ ఆమె చేతికి లేదు.

సందులో దీపాలు వెలిగే వేళకు ఇంజను మళ్ళీ తిరిగింది. కింద పేపరు పరిచారు. ఈసారి అందరం గొంతుక్కూర్చుని దాన్నే చూశాం, మేష్టారూ, మా నాన్నా, పంచె ఎత్తిపట్టుకుని తాతయ్య కూడా. చాలాసేపు తిరగనిచ్చాక అత్తమ్మ ఇంజను ఆపి, పేపరు తీసి దీపం దగ్గర పట్టుకుంది. ఏమీ లేదు. మా అమ్మ లోపలికి వెళ్ళి ఆమెకు పళ్ళెంలో అన్నం పెట్టుకొచ్చింది. నీలమూ నలుపూ అంటిన చేతులు కడుక్కునే ఓపిక కూడా లేక, ఆమె స్పూను అడిగి తిన్నది. అమ్మ ఆ స్పూను వెతకడానికి ఇల్లంతా తిరగాల్సి వచ్చింది.

సోమవారం పొద్దున వ్యాను చెప్పినట్టే దర్వాజా ముందు ఉంది. పెద్ద పరీక్ష అమ్మాయిలందరూ ఎక్కారు. తాతయ్య కూడా కిందికి దిగి, ఎవరూ అడక్కుండానే ముందు సీట్లో అత్తమ్మ పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఆ రోజు మాకు బడి లేదు కనుక నేను దర్వాజా పట్టుకుని చూశాను. స్టీరింగు మీద అత్తమ్మ చేతులు ఇంకా నీలంగానే ఉన్నాయి. తాతయ్య పంచె మీద కూడా ముందు రోజు నీలం మరక పెద్దది ఒకటి ఉంది. మడత చెడని ఆ మనిషి అదే పంచె ఎందుకు కట్టుకున్నాడో నాకు తెలియదు. దారంతా ఆయన రోడ్డు చూడకుండా, ఇంజను వేడి చెప్పే ముల్లునే చూశాడని అక్క తర్వాత చెప్పింది. టాంక్‌బండ్ దాటాక ఆయన అత్తమ్మతో ఒక్క మాట అన్నాడట.

“దుకాణంల నేను చానమందిని చూసిన బిడ్డా. ఒకసారి కట్టినదాన్ని పదిమంది ముందల ఇప్పినోళ్ళను చూడలే.”

దానికి అత్తమ్మ, నూనె ఆగలేదు గదా తాతా అని మాత్రం అందట.

రెండో పరీక్షకు తాతయ్య వ్యాను ఎక్కలేదు. దుకాణానికి వెళ్ళిపోయాడు. మిగతా పరీక్షలన్నిటికీ అమ్మాయిలు అత్తమ్మతోనే వెళ్ళి వచ్చారు. వేసవి చివర్లో ఫలితాలు వస్తే అక్క పాసయింది. లెక్కల్లో అత్తెసరు మార్కులే వచ్చాయి గానీ పాసయింది. పెళ్ళి మాటల సంగతి మేడ మీద ఏం చర్చించుకున్నారో మాకు తెలియదు. మగపెళ్ళివారు ఇంకా ఆగలేమంటే తాతయ్యే వాళ్ళను వేరే సంబంధం చూసుకోమన్నాడని మాత్రం అమ్మ చెప్పింది. జూలైలో అక్క కాలేజీలో చేరింది. ఆ తర్వాత సందులో ఏ ఆడపిల్ల చదువు గురించి మాటొచ్చినా తాతయ్య మెట్ల మీద నిలబడి, పంపండి, ఏం ఫికర్ లేదు అనేవాడు.

నేను పెద్దదాన్నయి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేశాను. రక్తపరీక్షలు చేసి రిపోర్టులు రాయడం నా పని. ముప్ఫై ఏళ్ళకు పైగా అదే కిటికీ వెనక కూర్చున్నాను. కిటికీ అవతల ఎప్పుడూ ఎవరో ఒకరు ఆత్రంగా నిలబడి ఉండేవాళ్ళు. పిల్లాడికి జ్వరం తగ్గని తల్లి, ఆపరేషను థియేటరు నుంచి పరుగెత్తుకొచ్చిన నర్సు, గడియారం చూసుకునే డాక్టరు. అంతా అయిపోయి, రిపోర్టు మీద సంతకం పెట్టబోతూ, అంకె చూసి చెయ్యి ఆగిన రోజులున్నాయి. ఎక్కడో ఏదో సరిగా లేదు, బహుశా ఏమీ కాకపోవచ్చు, ఇచ్చేస్తే ఎవరూ అడగరు. అలాంటప్పుడు నేను చాలా మందిలా గొణగడం గానీ, యంత్రాన్ని తిట్టడం గానీ, కిందివాళ్ళ మీద కసురుకోవడం గానీ చేయలేదు. అది నా మంచితనం కాదు. ఎలా చేయాలో ఒకరు చేసి చూపించగా నేను చిన్నప్పుడే గడప మీద కూర్చుని చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి పెద్ద డాక్టరుగారు నా ఎదుటే నిలబడి రిపోర్టు కోసం చెయ్యి చాపారు. నేను ఆ కాగితం వెనక్కి తీసుకుని, మళ్ళీ చేస్తున్నాను, కూర్చోండి అన్నాను. ఆయన నా ముఖం కేసి చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ మాట చెప్పవలసి వచ్చినా, ఎవరి ముందు చెప్పినా, నా గొంతు తగ్గలేదు.